పదును పోలేదు కదా!
(విద్యార్థి జీవితంలో మనోనిబ్బరం, లక్ష్యసాధన గురించి కొన్ని మాటలు)

సావనీరుకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు "కథలూ కవితలూ నాకు రావబ్బా" అన్నాను. "సైన్సు విద్యార్థివి కదా, సైన్సే రాయి" అన్నారు. సైన్సులో నాకు స్వానుభవం ఉన్న విషయం ఒక్కటే, ఫెయిలవడం. కాబట్టి దాని గురించే రాస్తున్నాను. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి కాను. లైబ్రరీలో దొరికినవీ, ఫోనులో వెదికి చదివినవీ, మా చేనిలో చూసినవీ కలిపి చెబుతున్నాను. తప్పులుంటే లెక్చరర్లు మన్నించి దిద్దాలి.

మాది ఆళ్ళగడ్డ పక్క పల్లె. పదో తరగతి వరకూ తెలుగు మీడియం. డిగ్రీకి నంద్యాల వచ్చేసరికి లెక్కలూ ఫిజిక్సూ ఇంగ్లీషులో నడిచాయి. పొద్దున బస్సెక్కి నలభై కిలోమీటర్ల పైచిలుకు రావడం, సాయంత్రం మళ్ళీ అంత దూరం పోవడం. రెండవ సెమిస్టరు ఫలితాలు వచ్చిన రోజు నేనూ, నా పక్క సీట్లో నా స్నేహితుడూ (పేరు రాయవద్దన్నాడు) శిరివెళ్ళ దగ్గర బస్సులోనే ఫోనులో చూసుకున్నాం. ఇద్దరికీ అవే రెండు పేపర్లు పోయాయి. ఆళ్ళగడ్డ బస్టాండు వచ్చేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఇంట్లో చెప్పలేదు. రెండు నెలలు చెప్పలేదు. క్లాసుకు పోయేవాణ్ణి గానీ వెనక బెంచీలో కూర్చుని బోర్డు వైపు చూసేవాణ్ణి, అంతే. లెక్చరరు గారు చెప్పేది చెవిలో పడేది, బుర్రలోకి దిగేది కాదు. పుస్తకం తెరిస్తే "ఏం చదివినా ఇంతే" అనిపించేది. ఆ "ఏం చదివినా ఇంతే" అనే మాటకు శాస్త్రంలో ఒక పేరుందని నాకు తరువాత తెలిసింది.

1967లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. (ఇప్పుడైతే అలాంటి ప్రయోగానికి ఒప్పుకోరు. చదువుతుంటేనే కడుపులో దేవినట్లుంటుంది.) కొన్ని కుక్కలకు కరెంటు షాకు ఇచ్చారు. తలతో ఒక పలకను నొక్కితే షాకు ఆగిపోతుంది. రెండో గుంపుకూ సరిగ్గా అంతే షాకు, అంతసేపే. కానీ అవి ఏం చేసినా ఆగదు. మూడో గుంపుకు షాకు లేదు. మరునాడు అన్నింటినీ ఒక పెట్టెలో పెట్టారు. మధ్యలో చిన్న అడ్డు, దాన్ని దూకితే షాకు తప్పుతుంది. మొదటి గుంపూ మూడో గుంపూ దూకేశాయి. రెండో గుంపులో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే చేయక మూలుగుతూ పడుకున్నాయి. బాధ రెండు గుంపులకూ ఒక్కటే. తేడా అల్లా, "నేను చేసే పనికి ఫలితం ఉంది" అన్న అనుభవం ఉండడం, లేకపోవడం. దీనికి వాళ్ళు "నేర్చుకున్న నిస్సహాయత" అని పేరు పెట్టారు.

ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంది. దీని తరువాతి కథ చాలామందికి తెలియదు. దాదాపు యాభై ఏళ్ళకు, 2016లో, ఆ ఇద్దరే మళ్ళీ ఒక పత్రం రాసి, మేం అప్పుడు చెప్పింది తలకిందులుగా చెప్పామని ఒప్పుకున్నారు. మధ్యలో మేయర్ మెదడు శాస్త్రం వైపు వెళ్ళి ఎలుకల మెదళ్ళను పరిశీలించాడు. తప్పించుకోలేని బాధ చాలాసేపు ఉంటే, మెదడు అడుగుకాండంలో ఉండే డోర్సల్ రాఫే అనే కేంద్రం చెలరేగి ప్రాణిని చతికిలబడేట్టు చేస్తుంది. అది నేర్చుకున్నది కాదు, పుట్టుకతో ఉన్న స్పందన. నేర్చుకునేది రెండోది. "నేను చేసిన పనికి ఫలితం వచ్చింది" అని మెదడు ముందరి భాగం ఒకసారి గుర్తిస్తే, అది ఆ కేంద్రానికి కళ్ళెం వేస్తుంది. తరువాత వచ్చే బాధలో కూడా ఆ కళ్ళెం పనిచేస్తుంది.

అంటే ఏమిటి? చతికిలబడడం దోషమూ కాదు, పిరికితనమూ కాదు. దెబ్బ తగిలితే శరీరం చేసే పని అది. లేవడమే నేర్చుకోవలసిన విద్య. అది ఉపన్యాసాలు వింటే రాదు. ఏదో ఒక చిన్న పని చేసి దాని ఫలితం కంటితో చూస్తేనే వస్తుంది. ఫెయిలయినవాడికి "ధైర్యంగా ఉండరా" అని చెప్పడం కంటే, వాడితో ఒక్క లెక్క పూర్తిగా చేయించడం మేలని నాకు తోస్తుంది.

ఇక మా చేని సంగతి. ఆ ఏడు హస్త కార్తె చివర నాయన నల్లరేగడిలో శనగ వేసినాడు. వేసిన నాలుగో రోజు వాన పట్టుకుంది. రెండు రోజులు వదల్లేదు. చేను నీళ్ళు కట్టి విత్తనం కుళ్ళిపోయింది. మా అమ్మ గట్టు మీద కూర్చుని మట్టి తవ్వి, ఉబ్బిపోయిన గింజలు చేతిలో వేసుకుని చూస్తా ఉండింది. నాయన ఆ రాత్రి నిద్రపోలేదు, నాకు తెలుసు. నేల ఆరి కాలు పెట్టగానే మళ్ళీ ట్రాక్టరుకు గొర్రు కట్టించినాడు. నేను విత్తనం మూటలు మోస్తా, ఉండబట్టలేక, "మళ్ళా వేస్తే మాత్రం వస్తాదని నమ్మకమేంది నాయనా?" అన్నాను.

"పోయింది ఇత్తనం రా. పదును పోలేదు కదా" అన్నాడు.

నేల లోపల తడి ఉంది. అది ఉన్నంతకాలం విత్తనం వేయవచ్చు. ఆయన చెప్పింది అంతే. వేదాంతం కాదు, సేద్యం. ఆ మాట మీద నేను చెప్పేసినాను, రెండు పేపర్లు పోయినాయి నాయనా అని. ఆయన కాసేపు గొర్రు చాళ్ళ వైపు చూసి, "మళ్ళా రాసేదానికి ఇస్తారా?" అన్నాడు. ఇస్తారన్నాను. "ఫీజెంత?" అన్నాడు. చెప్పినాను. "ఇంగేం మరి. ఆ మూట ఇట్ల తే" అన్నాడు.

రైతు నిబ్బరం గురించి పాటలు కట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ పని చేయను. మా ఊళ్ళోనే నిబ్బరం సడలినవాళ్ళు ఉన్నారు. నేను చూసిన ఒక కిటుకు మాత్రం చెబుతాను. సేద్యగాడు "ఈ ఏడు బాగా పండించాలి" అని సంకల్పం చెప్పుకుని కూర్చోడు. మృగశిరలో వాన పడితే ఫలానాది, ఆరుద్ర దాటితే ఇంకొకటి, అదీ తప్పితే మాఘీ జొన్న, హస్త చిత్తల్లో శనగ అని కార్తెల వారీగా ముందే మనసులో రాసిపెట్టుకుంటాడు. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానంవారు సూర్యనంది అనే కొర్ర రకాన్ని ఇచ్చారు. అది డెబ్భై, డెబ్భైఐదు రోజుల్లో చేతికొస్తుంది. తొలకరిలో కొర్ర కోసుకుని అదే నేలలో శనగ వేసుకోవచ్చు. వాన ఆలస్యమైన రోజున అయ్యో అని తల పట్టుకోనక్కరలేదు. "అలా అయితే ఇలా" అన్నది ముందే తయారుగా ఉంది.

జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కనిపెట్టింది ఇదే. ఆయన విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఒక పని ఇచ్చాడు. క్రిస్మస్ ముందటి రాత్రి ఎలా గడిపారో రెండు రోజుల్లో రాసి పంపాలి. పండుగ రోజుల్లో ఎవడు రాస్తాడు? సగం మందిని మాత్రం, ఏ వేళకు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే కాగితం మీద పెట్టమన్నాడు. 1997లో ప్రకటించిన ఫలితం ఇది: అలా పెట్టినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది దాకా రాసి పంపారు. ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ళలో మూడో వంతు మందే పంపారు. నేనూ దీన్ని పాటించి చూశాను. "ఫిజిక్సు బాగా చదవాలి" అనే మాట కొట్టేసి, "సాయంత్రం బస్సులో కిటికీ సీటు దొరికితే ఒక డెరివేషను, దొరక్కపోతే ఇంటికిపోయి గేదెలకు మేత వేయగానే" అని రాసుకున్నాను. చిన్న విషయమే. కానీ మొదటి డెరివేషను చూడకుండా రాసిన రోజు నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మేయర్ గారి కళ్ళెం అదేననుకుంటాను.

ఇక్కడ పట్టుదల గురించి ఒక మాట. ఏంజెలా డక్‌వర్త్ అనే ఆవిడ 2007లో "గ్రిట్" అనే మాటను శాస్త్రంలోకి తెచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే లక్ష్యం మీద నిలబడే గుణం అని దాని అర్థం. అమెరికా సైనిక కళాశాల వెస్ట్ పాయింట్‌లో కొత్తగా చేరినవాళ్ళలో, మొదటి వేసవి శిక్షణ తట్టుకుని ఎవరు నిలుస్తారో ఈ కొలబద్దతో బాగా చెప్పగలిగారు. మన కోచింగు సెంటర్ల గోడల మీద కూడా ఆ మాట ఎక్కింది. కానీ 2017లో మార్కస్ క్రెడే, ఆయన సహచరులూ 66 వేల మందికి పైగా మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, గ్రిట్‌కూ విజయానికీ సంబంధం చెప్పినంత గట్టిది కాదని తేలింది. అందులోనూ పనికొచ్చేది కష్టపడే గుణమే గానీ, ఒకే ఆసక్తిని పట్టుకుని వేలాడడం కాదట. ఫెయిలైన ప్రతివాడికీ "నీకు పట్టుదల లేదు" అని ముద్ర వేసే పెద్దలు ఇది గమనించాలి. ఇంకొకావిడ, సూజన్ కొబాసా, 1979లో ఉద్యోగస్థుల మీద పరిశోధించి చెప్పింది నాకు నచ్చింది. ఒత్తిడిలోనూ జబ్బు పడనివాళ్ళు పళ్ళు బిగపట్టి భరించేవాళ్ళు కారు. చేస్తున్న పనిలో మనసు పెట్టగలిగినవాళ్ళు, ఎంతో కొంత తమ చేతిలో ఉందని నమ్మేవాళ్ళు, మార్పును చూసి బెదరనివాళ్ళు.

మనవాళ్ళ ఉదాహరణ లేకుండా ముగిస్తే బాగుండదు. బయోకెమిస్ట్రీ చదివే మిత్రులకు ఫిస్కే–సుబ్బారో పద్ధతి తెలిసే ఉంటుంది, ఫాస్ఫరస్‌ను లెక్కకట్టేది. ఆ సుబ్బారో మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సన్న్యాసం పుచ్చుకోవాలనుకున్నారు, అది సాగలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. రాలేదు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చారు. అన్నదమ్ములు ఇద్దరు రోజుల వ్యవధిలో స్ప్రూ జబ్బుతో పోయారు. తరువాత బోస్టన్ చేరి, ఆసుపత్రిలో కూలి పని చేస్తూ చదివారు. 1925లో ఫాస్ఫరస్ పద్ధతి వచ్చింది. హార్వర్డ్ వారు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నడిపించిన బృందాల నుంచే ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్ వచ్చాయి. స్ప్రూ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందయింది. 1948లో పోయారు, అప్పటికి 53 ఏళ్ళు. ఆయన దారి తిన్నగా లేదు చూడండి. సన్న్యాసం నుంచి వైద్యానికి, వైద్యం నుంచి రసాయనానికి. నాలుగు చోట్ల తలుపు మూసుకుపోయింది, ఆయన ఐదో తలుపు దగ్గరికి నడిచారు.

మన నంద్యాలవాళ్ళకు ఇంకొకాయన గుర్తుకు రావాలి. నీలం సంజీవరెడ్డి గారు 1969లో రాష్ట్రపతి ఎన్నికలో ఓడిపోయి, తరువాత అనంతపురం పోయి సేద్యం చేసుకున్నారు. 1977లో నంద్యాల నుంచే లోక్‌సభకు గెలిచారు. ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసుకు దక్కని ఏకైక సీటు ఇదే. అదే ఏడు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. రాజకీయాల జోలికి నేను పోను గానీ, మధ్యలో ఆయన సేద్యానికి పోవడమే మా నాయనకు అన్నింటికంటే గొప్పగా తోస్తుంది.

ఇంతవరకు రాసి ఆపితే నేను అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఎందుకంటే బస్సులో నా పక్కన కూర్చున్నవాడి కథ మిగిలిపోయింది.

నేను ఆ రెండు పేపర్లూ మరుసటిసారి రాసి గట్టెక్కాను. వాడు కాలేజీకి రావడమే మానేశాడు. నాకు నిబ్బరం ఉంది, వాడికి లేకపోయింది అని చాలా రోజులు అనుకున్నాను. తప్పు. వాళ్ళ నాయనది కౌలు సేద్యం. అదే వానకు వాళ్ళ శనగా పోయింది. కౌలు ముందే కట్టేసినారు. రెండోసారి విత్తనం కొనేదానికి డబ్బు పుట్టలేదు. నేలలో పదును వాళ్ళకూ ఉంది, మాకున్నంతే ఉంది. గొర్రు కట్టేదానికి చేతిలో లేకపోయింది. నిబ్బరం సగం మనసులో ఉంటే సగం గరిసెలో ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

హవాయి దీవుల్లో కవాయి అనే చోట, 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ నలభై ఏళ్ళ వయసు దాకా గమనిస్తూ వచ్చింది. పేదరికం, ఇంట్లో తగాదాలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మతిస్థిమితం లేకపోవడం లాంటి కష్టాలు నాలుగైనా చుట్టుముట్టిన పిల్లల్లో కూడా మూడో వంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళను ఏది నిలబెట్టిందని చూస్తే, చాలామందికి ఎవరో ఒక్కరు తోడున్నారు. అవ్వో, పంతులో, పక్కింటివాళ్ళో. ఇంకొక సంగతి, పదిహేను పద్దెనిమిదేళ్ళప్పుడు దారి తప్పారనుకున్నవాళ్ళలో చాలామంది ముప్ఫై ఏళ్ళు దాటేసరికి కుదురుకున్నారు. వాళ్ళకు దొరికింది రెండో అవకాశం, మళ్ళీ చదువుకునే కాలేజో, ఒక ఉద్యోగమో, మంచి పెళ్ళో.

ఆ "ఒక్కరు" లేక పోయినవాళ్ళ లెక్క కూడా మనకు తెలుసు. 2022లో మన దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ప్రాణం తీసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత జరిగింది మనమందరం పేపర్లలో చదివాం. మనసు బాగా చితికినప్పుడు టెలీ మానస్ వారి 14416 నంబరుకు డబ్బు లేకుండా ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్నది. ఈ నంబరు మన నోటీసు బోర్డులో హాల్ టికెట్ల పక్కన అంటించాలని నా మనవి.

మొన్న సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి చూసేదానికి ఆళ్ళగడ్డలో శిల్పశాలకు పోయినాను. వాడు అక్కడ పనికి కుదిరినాడు. ఒళ్ళంతా రాతి దుమ్ము. మూలన కృష్ణశిల విగ్రహం ఒకటి చేయి విరిగి పడి ఉంది. భిన్నమైన విగ్రహం గుడికి పనికిరాదు. "అయితే ఇన్నాళ్ళ పని వృథాయేనా అన్నా?" అని పెద్ద శిల్పిని అడిగినాను. "విగ్రహం పోయింది, రాయి ఉంది గదబ్బా. కొలతలు తగ్గించి ఇంకొకటి తీస్తాం" అని ఉలి మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పినాడు.

నాకు మన కె.సి. కాలువ గుర్తుకొచ్చింది. 1863కూ 1870కీ మధ్య మద్రాసు కంపెనీవాళ్ళు దాన్ని పొలాలకూ, పడవలకూ కలిపి తవ్వారు. కంపెనీ గిట్టుబాటు కాక మునిగింది, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పడవల ఆశ ఎప్పుడో పోయింది. మళ్ళు మాత్రం ఇప్పటికీ తడుస్తున్నాయి. అందని లక్ష్యాన్ని వదిలి అందే ఇంకొక దాన్ని పట్టుకున్నవాళ్ళ మనసులే కుదురుగా ఉంటున్నాయని కార్‌స్టెన్ రాష్ అనే పరిశోధకుడు, ఆయన తోటివారూ 2003లో చెప్పారు. వదలడం ఒక్కటే చాలదు, పట్టుకునేది కూడా ఉండాలి. విద్యార్థికి ఎప్పుడు వదలాలో, ఎప్పుడు పట్టుబట్టాలో ఎవరు చెప్పగలరు? నాకైతే తెలియదు. మా నాయన కాలితో మన్ను తన్ని చూసి పదును చెప్తాడు. మన చదువులకు అలాంటి గురుతు ఇంకా ఎవరూ కనిపెట్టినట్లు లేదు.

టీ తాగేటప్పుడు వాడితో డిగ్రీ మాట ఎత్తకూడదనుకున్నాను. ఎత్తితే బాధపడతాడని. వాడే, కప్పు కింద పెట్టి, చేతులకున్న దుమ్ము దులుపుకుంటా అడిగినాడు.

"ఆ రెండు పేపర్లకు ఫీజు కట్టే ఆఖరు తేదీ ఎప్పుడురా?"

తెలియదన్నాను. పొద్దున బస్సు దిగగానే ఆఫీసులో కనుక్కుని ఫోను చేస్తానన్నాను. నా డెరివేషన్ల నోటుబుక్కు కూడా తెమ్మన్నాడు.